నాలుగు చుట్లు

"గేజి పెట్టి చూడండి" అంది ఆమె.

"అక్కర్లేదండీ" అన్నాడతను.

తర్వాత జరిగినదంతా ఈ రెండు మాటల వెనకాలే వచ్చింది. అవి అనుకున్నప్పుడు మాత్రం బయట వాన పడుతోంది, లోపల ఒకరికి పాతికేళ్ళు, ఇంకొకరికి ఇరవై ఎనిమిది. ప్రమాదం వాసన ఇద్దరిలో ఒక్కరికీ తగల్లేదు.

అది వీధి మలుపులో ఉన్న పనిముట్ల షాపు. నేల నుంచి పైకప్పు దాకా సొరుగులే. ఒక్కో సొరుగులో ఒక్కో సైజు బోల్టులు, నట్లు, కటర్లు. షాపు మేనమామది. కౌంటరు మేనల్లుడిది. ఆ మేనల్లుడి తాళాల గుత్తికి చిన్న దువ్వెనల్లాంటి రేకుల కట్ట ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని థ్రెడ్ గేజి అంటారు. ఏ బోల్టు ఇచ్చినా ఒక రేకు దాని మరల మీద ఆనించి, అదేం సైజో, ఏ జాతిదో క్షణంలో చెప్పేస్తాడు. అందుకే కస్టమర్లు అతనికి 'గేజి' అని పేరు పెట్టేశారు. అసలు పేరు మేనమామకి కోపం వచ్చినప్పుడు మాత్రమే బయటికొస్తుంది.

ఆమె వానలో తడుస్తూ వచ్చింది. చేతిలో పాత చొక్కా గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువేదో ఉంది. తను తడిసింది గానీ దాన్ని మాత్రం తడవనివ్వలేదు. గుడ్డ విప్పితే మూరెడు ఇనప కడ్డీ, చివర మరలు.

"దీనికి సరిపోయే బోరింగ్ హెడ్ కావాలి."

"ఎవరికండీ? మీ అన్నయ్యకా?"

"నాకు అన్నయ్య లేడు."

"అయితే నాన్నగారికి."

"మిషన్ నాన్నది. పని నాది. ఇంకేమైనా వివరాలు కావాలా? బ్లడ్ గ్రూపు లాంటివి?"

పేపరు వెనకనుంచి మేనమామ కిసుక్కున నవ్వాడు. గేజి చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి చూశాడు. ఆమె కుడి కంటి చుట్టూ సన్నని గుండ్రటి గీత ఉంది. కంటికి భూతద్దం బిగించుకుని పనిచేసేవాళ్ళకి పడే గుర్తు అది.

"వాచీలు రిపేరు చేస్తారా?"

"కనిపెట్టేశారే! ఇక హెడ్ కూడా కనిపెట్టండి."

బోరింగ్ హెడ్ అంటే ఉన్న కన్నాన్ని వెంట్రుకవాసి లెక్కన పెద్దది చేసే పనిముట్టు. దాని తోక ఇనుము చెక్కే మిల్లింగ్ మిషన్ లోపలికి దూరుతుంది. ఆమె తెచ్చిన కడ్డీ పైనుంచి ఆ తోకలోకి మరలతో దిగి, పైకి లాగి బిగించి పట్టుకుంటుంది. దాన్ని డ్రాబార్ అంటారు. ఆ పట్టు సడలిందంటే తిరుగుతున్న పనిముట్టు తిరుగుతూనే కిందికి జారుతుంది.

చిక్కేమిటంటే మరలు రెండు జాతులు. ఒకటి మిల్లీమీటర్లది, రెండోది అంగుళాలది. పది ఎం.ఎం. మరా, త్రీ బై ఎయిట్ అంగుళాల మరా చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. ఒకదానిలో ఒకటి మూడు నాలుగు చుట్లు హాయిగా దిగుతాయి కూడా. ఆపైన బిగుసుకుంటాయి. పట్టుకున్నట్టే ఉంటుంది. పట్టుకోదు.

ఇది గేజికి తెలియక కాదు. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆ రోజు మాత్రం ఆమె "గేజి పెట్టి చూడండి. నాన్న కొలిపించి తెమ్మన్నారు" అన్నప్పుడు అతని మగతనం ఎక్కడో చురుక్కుమంది.

"అక్కర్లేదండీ. ఈ వేళ్ళే గేజి" అని, పది ఎం.ఎం. సొరుగులోంచి ఒక హెడ్ తీసి, డ్రాబార్ చివర పెట్టి చూపుడువేలితో గిర్రున తిప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "చూశారా? వెన్నలా దిగింది."

"ఇంకా దిగదా?"

"మిషన్లో పెట్టి స్పానరు వేస్తే అదే దిగుతుంది. కొత్త మర కదా, కాస్త బిగువు."

నమ్మింది. మళ్ళీ గుడ్డలో చుట్టుకుని, వానలోకి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది. గేజికి ఆ చూపే గుర్తుండిపోయింది. మర గుర్తులేదు.

* * *

వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. ఈసారి చిన్న కటర్ కోసం. ఆ తర్వాత కటింగ్ ఆయిల్ కోసం. ఆ తర్వాత అదే సైజు కటర్ కోసం ఇంకోసారి.

"మొన్న తీసుకెళ్ళింది ఏమైందండీ?"

"విరిగింది."

"తెచ్చి చూపించండి, మార్చి ఇస్తాం."

"పారేశాను."

మేనమామ పేపరు దించాడు. "ఒరేయ్, ఆ అమ్మాయి విరిగిందంటే విరిగిందనుకో. ప్రతిదీ కొలవకు."

ఆ మాటకి ఆమె తల వంచుకుని పర్సులో ఏదో వెతికింది. పర్సులో ఏమీ లేదు.

ఇనుముని కదలకుండా బిగించి పట్టే బరువైన వైసు ఒకటి ఇంటికి చేర్చాల్సి వచ్చినప్పుడు గేజి తనే మోసుకెళ్ళాడు. ముందు గది, వెనక గది, మధ్యలో వంటిల్లు. వెనక గదిలో బట్టలుతికే మిషన్ పక్కన, మనిషి ఎత్తున, ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన మిల్లింగ్ మిషన్. దాని ఎదురుగా చేతుల కుర్చీ. కుర్చీలో ఆమె తండ్రి.

ముప్ఫై ఏళ్ళు ఇనుము పోసే కార్ఖానాలో మేస్త్రీగా పనిచేసిన మనిషి. ఇప్పుడు ఆ చేతులు ఊరికే వణుకుతుంటాయి. టీ కప్పు సగమే నింపి ఇస్తారు ఆయనకి.

"నువ్వేనా మా అమ్మాయి రోజూ తిట్టే కుర్రాడివి?"

"రోజూనా మేస్త్రిగారూ?"

"ఆదివారం సెలవు."

"నాన్నా!" వంటింట్లోంచి కేక వచ్చింది.

ఆ వెనక గదిలో తయారవుతున్నది ఒక బుల్లి ఆవిరి ఇంజను. రెండు అరచేతుల్లో పడుతుంది. దాని చక్రం, పీట, కడ్డీలు అన్నీ ఒక్కోటీ అయిపోతున్నాయి. మిగిలింది సిలిండరు. కార్ఖానా మూతబడిన రోజున, కొలిమిలో మిగిలిన చివరి ఇనుముతో మేస్త్రి తన చేత్తో పోసుకున్న ముద్ద అది. ఇంకోటి లేదు. పోద్దామన్నా ఆ కొలిమి లేదు.

"నా చేతులు రిటైరయ్యాయి బాబూ. అందుకని దీని చేతులు అద్దెకి తీసుకున్నాను" అన్నాడాయన. "ఇది ఒక్కసారి తిరగ్గా చూస్తే చాలు నాకు. ఈ గుండె ఎన్నాళ్ళు ఆడుతుందో డాక్టరు కూడా చెప్పట్లేదు."

సాయంత్రాలు ఆయన కుర్చీలోంచి చెప్పేవాడు, ఆమె మిషన్ దగ్గర నిలబడి చేసేది. "ఇంకో వెంట్రుక దించమ్మా... ఇంకాస్త... చాలు." కోత మొదలయ్యే ముందు ఆమె ఊపిరి బిగబట్టేది. వాచీలో జుట్టు కంటే సన్నని స్ప్రింగు పెట్టేటప్పుడూ అంతేనట. ఆమె ఊపిరి బిగబడితే గోడకి ఆనుకుని నిలబడ్డ గేజికి ఊపిరాడేది కాదు.

రెండు నెలలు ఆ ఇంటికి తిరిగాడు. మిషన్ పక్క అరలో పాత పనిముట్లు వరసగా ఉండేవి. ప్రతిదాని మీదా అంగుళాల అంకెలు చెక్కి ఉండేవి. వాటిని ఒక్కసారి కూడా చదవలేదతను. చదవడానికి ఆ గదిలో అంతకంటే మంచి ముఖం ఉంది.

ఒక సాయంత్రం వీధి చివరిదాకా ఒకే గొడుగులో నడిచారు.

"గేజిగారు అంటే తూనికల ఆఫీసరుని పిలిచినట్టుంది" అందామె.

"గేజి అనండి చాలు."

"అయితే 'నువ్వు' అనాల్సి వస్తుంది."

"రానివ్వండి."

"రానివ్వు అను."

"రానివ్వు" అన్నాడు. గొడుగు ఆమె వైపుకే పూర్తిగా వాలిపోయిందని, తన భుజం తడిసి ముద్దయిందని ఇంటికి వెళ్ళి అద్దం చూసుకున్నాక గానీ తెలియలేదు.

* * *

సిలిండరు కోసే రోజు రానే వచ్చింది. ఆదివారం. గేజిని ప్రత్యేకంగా పిలిచారు. ఆమె తల్లి పని మానుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. మేస్త్రి ఆ రోజు గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

ఆమె కొత్త బోరింగ్ హెడ్ పెట్టి, పైనుంచి డ్రాబార్ దించి, స్పానరుతో తిప్పింది.

"బిగిసిందా?"

"బిగిసింది నాన్నా."

మొదటి కోత బాగా వచ్చింది. మసి రాలినట్టు నల్లటి ఇనప పొడి రాలింది. రెండోదీ బాగానే వచ్చింది. మేస్త్రి కళ్ళు మూసుకుని శబ్దం వింటున్నాడు.

మూడో కోత సగంలో ఆయన కళ్ళు తెరిచాడు. "ఆపు!"

ఆమె స్విచ్ మీద కొట్టేలోపే అయిపోయింది. హెడ్ వేలెడంత కిందికి జారి, దాని ముక్కు సిలిండరు గోడలో దిగబడి, గర్రున ఈడ్చుకుపోయింది. మిషన్ ఆగింది. కన్నం లోపల గోరు పట్టేంత లోతున గాడి పడింది.

 గుమ్మంలోంచి తల్లి, ఏ పాపమూ తెలియకుండా, ఒక్క మాట అడిగింది.

"చెయ్యి గానీ వణికిందా అమ్మా?"

ఆమె తన కుడి చేతిని చూసుకుంది. తర్వాత కుర్చీ చేతి మీద వణుకుతున్న తండ్రి చేతిని చూసింది. ఆ చూపు గదిలో ఉన్న నలుగురికీ అర్థమైంది.

"అదేం కాదు" అన్నాడు మేస్త్రి గట్టిగా. "బాబూ, డ్రాబార్ ఊడదీసి చూడు. మర ఎలా ఉంది?"

గేజి స్టూలు ఎక్కాడు. స్పానరు పావు చుట్టు తిప్పగానే కడ్డీ చేతిలోకి వచ్చేసింది. చివర మొదటి నాలుగు చుట్లు నలిగి, తళతళ మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూడగానే గదికి వీపు తిప్పి, తాళాల గుత్తి తీసి, రేకు ఆనించాడు. అంగుళానికి పదహారు చుట్లు. త్రీ బై ఎయిట్. తను ఇచ్చిన హెడ్ పది ఎం.ఎం.

రెండు నెలల క్రితం అర నిమిషం పట్టని పని.

"ఎలా ఉంది బాబూ?"

వెనక ఆమె ఉంది. తను తిరిగి నిజం చెబితే ఆమె ముఖం తన వైపు ఎలా తిరుగుతుందో ఊహించుకున్నాడు. రేపు చెబుదాం, ఇద్దరమే ఉన్నప్పుడు చెబుదాం అనుకున్నాడు.

"బానే ఉంది మేస్త్రిగారూ."

అని, జేబురుమాలుతో ఆ నాలుగు చుట్లూ తుడిచాడు.

మేస్త్రి సిలిండరు వైపు చూశాడు. "పోనీలే. కన్నం పెద్దది చేసి లోపల కొత్త గొట్టం దించితే మళ్ళీ కొత్తదైపోతుంది. కార్ఖానాలో ఎన్ని చెయ్యలేదు! రేపు మళ్ళీ పెట్టమ్మా."

"రేపు వద్దు నాన్నా" అందామె. కుడి చెయ్యి ఎడమ చేత్తో పట్టుకుని ఉంది.

* * *

మర్నాడే గేజి అంగుళాల హెడ్ తెచ్చి బిగించాడు. ఈసారి పద్నాలుగు చుట్లు దిగింది. "ఇది ఇంకా మంచి రకం, మార్చి తెచ్చాను" అన్నాడు. పాతది షాపులో తన సొరుగు అడుగున పడేశాడు.

మిషన్ బాగైపోయింది. ఇక దాన్ని ముట్టుకోవాల్సిన మనిషే ముట్టుకోవడం లేదు.

వాచీల షాపులో ఆమె చేతిలోంచి చిన్న స్క్రూ ఒకటి జారిపడింది. అందరికీ పడేవే. ఆమె మాత్రం లేచి యజమాని దగ్గరికెళ్ళి, నన్ను కౌంటరులో కూర్చోబెట్టండి అని అడిగింది. డాక్టరుకి చూపించుకో అంటే, "వాళ్ళు చెప్తే నిజమైపోతుంది. కొన్నాళ్ళు ఇలా ఉండనీ" అనేది. అన్నం తినేటప్పుడు, తాళం తీసేటప్పుడు తన చేతిని తనే దొంగచాటుగా గమనించుకునేది. ఎవరైనా అలా గమనిస్తూ కూర్చుంటే ఏ చెయ్యైనా తడబడుతుంది.

"ఇవాళ పెడదామా అమ్మా?" రోజూ మేస్త్రి అడిగేవాడు.

"రేపు నాన్నా."

రోజూ గేజి వీధి మొదట్లో మాటలు కూర్చుకునేవాడు. ఇంటి గుమ్మం చేరేసరికి ఒక్కటీ మిగిలేది కాదు. ఆరో రోజు మాత్రం ధైర్యం చేశాడు.

"నీకో మాట చెప్పాలి."

"తెలుసు" అందామె. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో చిన్న నవ్వు. "నేనూ చెప్పాలి. ఇప్పుడొద్దు. నాన్న ఇంజను అయ్యాక."

ఆమె అనుకున్న మాట వేరు. అతను చెప్పబోయింది వేరు. సరిదిద్దాలంటే ఒక్క క్షణం చాలు. ఆ క్షణాన్ని గేజి నోరు మూసుకుని దాటించేశాడు. ఇంటికి వెళ్తూ హాయిగా ఊపిరి పీల్చుకున్నందుకు తనని తనే అసహ్యించుకున్నాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం మేస్త్రి మిషన్ ఎదురుగా కుర్చీలో కునుకు తీశాడు. తల్లి టీ తెచ్చి పిలిచింది. మళ్ళీ పిలిచింది. సగం కప్పు టీ అలాగే చల్లారిపోయింది.

* * *

నాలుగు నెలలు గడిచాయి. మిషన్ మీద దుప్పటి కప్పేశారు. గేజి ఆ ఇంటికి బల్బులు మార్చాడు, పంపు బాగుచేశాడు, ఆమె తల్లికి మందులు తెచ్చాడు. తల్లి 'బాబూ' అనడం మానేసి 'మా అబ్బాయి' అనడం మొదలుపెట్టింది. ఆ మాట విన్న ప్రతిసారీ అతనికి సొరుగు అడుగున ఉన్న ఇనప ముక్క గుర్తొచ్చేది.

చివరికి మేనమామే చొరవ తీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాడు.

"అమ్మా, మా వాడు అన్నీ కొలుస్తాడు గానీ మాటలు మాత్రం కొలవలేక మింగేస్తుంటాడు. అందుకని నేనొచ్చాను. మీ అమ్మాయిని మా ఇంటికి ఇస్తారా?"

తల్లి కళ్ళు ఒత్తుకుంది. "ఆయన ఉంటే ఎగిరి గంతేసేవారు అన్నయ్యగారూ. నాకు ఇంతకంటే ఏం కావాలి? అమ్మాయి సరే అంటే..."

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. "ఒకసారి ఇటు రా" అని గేజిని వెనక గదిలోకి పిలిచింది.

దుప్పటి కప్పిన మిషన్, ఖాళీ కుర్చీ. కిటికీ అవతల వాన మొదలైంది.

"నువ్వంటే నాకు ఇష్టం" అందామె సూటిగా. "ముందు అది చెప్పనీ. ఆ కటరు విరగలేదు, ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కానీ నేను పెళ్ళి చేసుకోను."

"ఎందుకు?"

"నాన్న చెయ్యి చూశావుగా. అది నాకూ మొదలైంది. ఆ రోజు ఈ మిషన్ దగ్గరే మొదలైంది. ఇంకో పదేళ్ళకి నాకూ సగం కప్పే ఇస్తారు. అది నువ్వు ఇవ్వడం నేను చూడలేను. అమ్మ ఒకసారి పడింది చాలు."

గేజి ఇన్నాళ్ళూ ఆమెని పోగొట్టుకోకూడదనే నోరు మూసుకున్నాడు. ఆ నోరు మూసుకోవడం వల్లే ఇప్పుడు పోగొట్టుకుంటున్నాడు. ఇంకా ఊరుకుంటే ఆమె తన చేతినే పోగొట్టుకుంటుంది.

"నీ చెయ్యి వణకలేదు."

"నువ్వు మంచివాడివి కాబట్టి అలా అంటావు."

"నేను మంచివాణ్ణి కాదు. తప్పు మర ఇచ్చాను. నీ డ్రాబార్ త్రీ బై ఎయిట్. నేనిచ్చిన హెడ్ పది ఎం.ఎం. నాలుగు చుట్లే పట్టింది. నువ్వు ఎంత బిగించినా అది నిలవదు. ప్రపంచంలో ఎవరు బిగించినా నిలవదు."

ఆమె మిషన్ మీద దుప్పటి లాగేసింది. స్టూలు ఎక్కి, తనే డ్రాబార్ ఊడదీసింది. "గేజి ఇవ్వు."

తాళాల గుత్తి అందించాడు. ఆమె ఒక్కో రేకూ ఆనించి వెలుతురుకేసి పట్టి చూసింది. నలిగిన నాలుగు చుట్లని బొటనవేలితో తడిమింది. వాచీలు బాగుచేసే మనిషి. ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"ఆ రోజు నిన్ను గేజి పెట్టమన్నాను."

"అన్నావు."

"అక్కర్లేదన్నావు."

"నీ ముందు గొప్ప కోసం."

"సరే. అది పొరపాటు." ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

ఈ ప్రశ్న వస్తుందని అతనికి తెలుసు. నాలుగు నెలలుగా దీని కోసమే భయపడుతున్నాడు.

"ఆ రోజే."

"ఆ రోజంటే? నాన్న అడిగినప్పుడా? మర ఎలా ఉంది బాబూ అని అడిగినప్పుడా?"

"అప్పుడే."

"అయితే ఆ పదకొండు రోజులూ నీకు తెలుసు."

అతను తల దించుకున్నాడు.

"రోజూ అడిగేవారు. ఇవాళ పెడదామా అమ్మా అని. నా చెయ్యి చూసుకుని రేపు నాన్నా అనేదాన్ని. నువ్వు ఇదిగో, ఈ గోడకి ఆనుకుని వినేవాడివి. ఒక్క మాట... ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆ సాయంత్రమే మిషన్ వేసేదాన్ని. రెండు రోజుల పని. నాన్న చూసి పోయేవారు."

"చెబుదామనే..."

"చెప్పలేదు."

ఆమె కుడి చెయ్యి ముందుకి చాచింది. అది నిజంగానే ఊగిపోతోంది. "ఇప్పుడు వణుకుతోంది చూడు. ఇది కోపం. ఇన్నాళ్ళూ నా శరీరాన్ని చూసి నేనే భయపడ్డాను. నేను ఏడుస్తుంటే కళ్ళు తుడిచావు. నీ తప్పేం లేదు అన్నావు. ఎంత కచ్చితంగా తెలిసి అన్నావో ఇప్పుడర్థమైంది."

"నన్ను కొట్టు. తిట్టు."

"ఆదివారం సెలవు" అంది. అనగానే, ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి ముఖం రెండు చేతుల్లో దాచుకుని కుర్చీలో కూలబడిపోయింది. తండ్రి పోయిన రోజు కూడా అంత గట్టిగా ఏడవలేదామె.

అతను ఒక అడుగు ముందుకి వేశాడు. ఆమె తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"వెళ్ళిపోండి."

ముందు గదిలో మేనమామ బిస్కట్టు టీలో ముంచుతున్నాడు. "ఏరా, ముహూర్తం..." అని, మేనల్లుడి ముఖం చూసి, మిగతా మాట మింగేశాడు. మెత్తబడిన బిస్కట్టు కప్పులో పడిపోయింది.

దారిలో జరిగిందంతా విన్నాక, మేనమామ జీవితంలో మొదటిసారి జోకు వెయ్యలేదు. "తప్పు మర ఇచ్చినందుకు నిన్ను నేనే క్షమిస్తాన్రా" అన్నాడు చివరికి. "ఆ పదకొండు రోజులు మాత్రం నా చేతుల్లో లేవు."

* * *

ఆ ఇంటివైపు గేజి మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళాల్సి వస్తే పక్క వీధిలోంచి తిరిగి వెళ్ళేవాడు.

మూడు వారాల తర్వాత, షాపు తెరిచిన కాసేపటికే, గుమ్మంలో గొడుగు ముడుస్తున్న చప్పుడైంది. అతను లెక్కపెడుతున్న వాషర్లు చేతిలోనే ఆగిపోయాయి.

ఆమె కుడి కంటి చుట్టూ గుండ్రటి గీత తాజాగా ఉంది.

"పోత ఇనుము కడ్డీ కావాలి. రెండంగుళాలది, జానెడు ముక్క" అంది. "తొలిచి సిలిండరులో గొట్టంగా దించాలి."

అతను లోపలికి వెళ్ళి, కోసి, అంచులు ఆకురాయితో రుద్ది తెచ్చాడు. ఆమె కొలిచే పరికరం తనతోనే తెచ్చుకుంది. రెండు చివర్లా, మధ్యలో, అడ్డంగా తిప్పి మళ్ళీ కొలిచింది. అతను తప్పుగా ఇచ్చాడని కాదు. ఇక ఎవరిచ్చినా కొలిచే తీసుకుంటుంది, అంతే.

"మళ్ళీ వాచీల బెంచీ మీదకి వెళ్ళారా?"

"రెండు వారాలైంది." కడ్డీని కాగితంలో చుట్టడం మొదలుపెట్టింది. "అమ్మ మిమ్మల్ని అడుగుతూ ఉంటుంది. ఆవిడకి మందులు ఎవరు తెస్తారన్నది కాదు బాధ. మాటకి మాట చెప్పేవాళ్ళు లేరట."

"మీరేం చెప్పారు?"

"జరిగింది చెప్పాను. ఒక పూట అన్నం తినలేదు. మర్నాడు మళ్ళీ అడిగింది."

వాన చినుకులు రేకు కప్పు మీద టపటపలాడుతున్నాయి. మేనమామ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని ఒక్క పేజీ కూడా తిప్పడం లేదు.

"నన్ను..." అన్నాడు గేజి.

"క్షమించానని చెప్పడానికి రాలేదు" అందామె. "అది ఇంకా నా వల్ల కావట్లేదు. ఎప్పటికైనా అవుతుందో లేదో తెలియదు. కానీ మీరు చెప్పకపోయి ఉంటే నేను జీవితాంతం కౌంటరులో కూర్చుని నా చేతిని చూసుకుంటూ ఉండేదాన్ని. చెబితే నేను దూరమవుతానని తెలిసి కూడా చెప్పారు. అది కూడా జరిగింది కదా. దాన్ని లెక్కలోంచి తీసెయ్యలేను. అందుకే వచ్చాను. చెయ్యి వణకట్లేదు. ఆ మాట చెప్పడానికి వచ్చాను."

అతను తల ఊపాడు.

"బరువుగా ఉంటుంది. బస్సు దాకా..."

"నేను మొయ్యగలను."

గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర వెనక్కి చూడలేదు.

"పరిగెత్తరా వెధవా" అన్నాడు మేనమామ పేపరు వెనకనుంచి.

"వద్దు మావయ్యా."

రోడ్డుకి అవతల బస్సు వచ్చి ఆగింది. ఆమె గొడుగు మూసి, కాగితం పొట్లాన్ని ఎడమ చంకలో ఇరికించుకుని, నీళ్ళు కారుతున్న మెట్టు మీద కాలు పెట్టి, కుడి చేత్తో కమ్మీ పట్టుకుంది. బస్సు కుదుపుతో కదిలింది. పట్టిన చెయ్యి పట్టినట్టే ఉంది.

గేజి అంత దూరం నుంచే చూశాడు. ఇది చాలు అనుకున్నాడు. చాలలేదు. కానీ అంతకంటే అడగడానికి అతనికి ముఖం లేదు.